ఆషాఢంలో కారు బేరం

కొత్త కారు కొనడానికి షోరూముకు వెళ్ళినవారిలో చాలామంది కుర్చీలో కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న, "డిస్కౌంట్ ఎంత ఇస్తారండీ?" అన్నది. నా దృష్టిలో అక్కడ అడగకూడని ప్రశ్న అదే. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీర బేరమాడినప్పుడు ధర ఒక్కటే ఉంటుంది కాబట్టి, తగ్గించిన ప్రతి రూపాయీ మన జేబులోనే మిగులుతుంది. కారు కొటేషన్‌లో మాత్రం పదికి పైగా వరుసలుంటాయి. మొదటి వరుసలో తగ్గించిన ముప్ఫై వేలు అయిదో వరుసలో పన్నెండు వేలుగా, ఏడో వరుసలో తొమ్మిది వేలుగా, ఎనిమిదో వరుసలో మరికొంతగా తిరిగి డీలరుకే చేరిపోవచ్చు. అందువల్ల అడగవలసింది ఒక్కటే: రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ పూర్తయి బండి రోడ్డెక్కే నాటికి మన చేతి నుంచి మొత్తం ఎంత పోతుంది? బేరమంతా ఆ ఒక్క అంకె మీదే జరగాలి, ఆ అంకె ఏయే వరుసల వల్ల అంత అయిందో కాగితం మీద విడివిడిగా కనబడాలి.

విజయవాడలో ఉంటున్న మా అక్కావాళ్ళ కోసం ఈమధ్య బావగారితో కలిసి రామవరప్పాడు రింగు నుంచి ఎనికేపాడు దాకా హైవే పక్కనున్న షోరూములు కొన్ని తిరిగాను. నేను గుంటూరులో ఉంటాను కాబట్టి అక్కడి డీలర్ల దగ్గర కూడా అదే కారుకు కొటేషన్లు తీసుకున్నాను. అప్పుడు గమనించిన సంగతులను, కొనబోయేవారికి పనికొస్తాయన్న ఉద్దేశంతో ఇక్కడ రాస్తున్నాను.

కొటేషన్‌లోని వరుసలను ముందుగా రెండు గుంపులుగా విడదీసుకోవాలి. ప్రభుత్వానికి పోయేవి కొన్ని, డీలరుకు మిగిలేవి కొన్ని. ఎక్స్-షోరూమ్ ధరను, అంటే రిజిస్ట్రేషన్, బీమా కలపక ముందు బండి ధరను, కంపెనీ నిర్ణయిస్తుంది, అందులో జీఎస్టీ కలిసే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించని కార్లకు 18 శాతం, అంతకన్నా పెద్దవాటికి 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం పన్ను ఉంది. అంతకుముందు చిన్న పెట్రోలు కారు మీద 28 శాతం జీఎస్టీకి తోడు ఒక శాతం సెస్సు కూడా ఉండేది; ఈ తేడా వల్ల ఎక్స్-షోరూమ్ ధర దాదాపు ఎనిమిదిన్నర శాతం తగ్గింది. ఆ ఏడాది ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులు మొదలైంది కూడా సరిగ్గా సెప్టెంబరు 22నే కావడంతో, మహాలయ పక్షంలో బండి కొనడమెందుకని ఆగినవారికి పంచాంగమూ ప్రభుత్వమూ కలిసొచ్చాయి. అలాంటి యోగం ఏటా రాదు. అయినా పన్ను తగ్గిన మొత్తాన్ని తమ సొంత డిస్కౌంట్ లాగా చెప్పే సేల్స్ ఎగ్జిక్యూటివ్‌లు ఇప్పటికీ ఉన్నారు కనుక, పోల్చి చూసుకునేటప్పుడు ఇప్పటి ధరతోనే పోల్చుకోవాలి.

లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా ప్రభుత్వానివే. కారు ధర పెరిగేకొద్దీ లైఫ్ టాక్స్ శాతం కూడా పెరుగుతుంది కాబట్టి, పది లక్షలకు అటూ ఇటూగా ఉన్న వేరియంట్లలో ఏది తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు ఎక్స్-షోరూమ్ ధరల మధ్య తేడాను మాత్రమే కాకుండా పన్నుతో కలిపిన తేడాను చూడాలి. పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం టీసీఎస్ (అమ్మేవారు మన పేరున ముందుగా వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు, దాని సంగతి చివర్లో చెబుతాను. ఈ వరుసల మీద బేరం లేదు, ఉండదు. వీటిని రవాణా శాఖ రేట్లతో సరిచూసుకుని పక్కన పెట్టేయాలి.

మిగిలినదంతా బేరమే. అందులో అన్నిటికన్నా బరువైనది ఇన్సూరెన్స్, మనవాళ్ళు అన్నిటికన్నా తక్కువగా చూసేదీ అదే. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2018 సెప్టెంబరు నుంచి ఈ నిబంధన అమలవుతోంది. ఆ ప్రీమియం ఏ కంపెనీ దగ్గరైనా ఒక్కటే. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు మూడేళ్ళకు 6,521 రూపాయలు, వెయ్యి నుంచి 1500 సీసీ దాకా 10,640 రూపాయలు, ఆపైన 24,596 రూపాయలు. వీటి మీద జీఎస్టీ అదనం. కొటేషన్‌లోని ఇన్సూరెన్స్ అంకె నుంచి దీన్ని తీసేస్తే మిగిలేది ఏడాదికి కట్టే ఓన్ డ్యామేజ్ (మన బండికే జరిగే నష్టానికి) ప్రీమియం, దానికి జోడించిన జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోయకుండా చెల్లించేది) వంటి యాడ్-ఆన్‌లు, అంటే అదనపు రక్షణలు. తేడాలన్నీ ఈ మిగిలిన భాగంలోనే ఉంటాయి. అదే బీమా కంపెనీ, అదే ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ చెల్లించే గరిష్ఠ మొత్తం), అవే యాడ్-ఆన్‌లతో బయట అడిగినప్పుడు మాకు వచ్చిన అంకె షోరూము అంకె కన్నా చాలా తక్కువగా ఉంది. ఐడీవీ సమానంగా ఉందో లేదో చూసుకోకుండా పోల్చడం మాత్రం ప్రమాదం. కొత్త కారుకు అది ఎక్స్-షోరూమ్ ధరలో 95 శాతం దగ్గర ఉండాలి, అంతకన్నా తగ్గించి ప్రీమియం తక్కువ చేసి చూపిస్తే అది లాభం కాదు.

బయట తీసుకుంటామని చెప్పగానే షోరూములో వినిపించే మొదటి మాట, "బయటి ఇన్సూరెన్స్ అయితే క్యాష్‌లెస్ ఉండదు సార్" అన్నది. క్యాష్‌లెస్, అంటే రిపేరు బిల్లును బీమా కంపెనీయే నేరుగా వర్క్‌షాపుకు చెల్లించడం అనేది ఆ బీమా కంపెనీకీ ఆ వర్క్‌షాపుకూ మధ్య ఒప్పందం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుందే తప్ప, పాలసీ ఎవరి చేతుల మీదుగా కొన్నామన్నదాని మీద కాదు. డీలరు దగ్గరే బీమా తీసుకోవాలని కొనుగోలుదారును బలవంతపెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు చెబుతున్నాయి. పోట్లాడనవసరం లేదు, బయటి కొటేషన్‌ను బల్ల మీద పెట్టి, "ఇదే రేటుకు మీరిస్తే మీ దగ్గరే తీసుకుంటాం" అంటే చాలాసార్లు అక్కడికక్కడే తగ్గుతుంది. మాకు అలాగే తగ్గింది. పాత కారు ఉన్నవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, యజమానిదే కానీ బండిది కాదు. అయిదేళ్ళు వరసగా క్లెయిమ్ లేకుండా నడిపినవారికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది, పాత కారు అమ్మాక పాత బీమా కంపెనీ నుంచి లేఖ తెచ్చుకుంటే మూడేళ్ళలోపు కొత్త కారుకు దాన్ని మార్చుకోవచ్చు. ఈ విషయం షోరూములో తమంతట తాముగా ఎవరూ చెప్పరు. అలాగే పదిహేను లక్షల ప్రమాద బీమా ఇప్పటికే ఉన్న యజమాని, కారు పాలసీతో పాటు మళ్ళీ అదే కొనవలసిన పని లేదు.

హ్యాండ్లింగ్ ఛార్జీలు, లాజిస్టిక్స్, డాక్యుమెంటేషన్ అన్న పేర్లతో కనిపించే వరుసలను నేను ఒప్పుకోను. బండిని యార్డు నుంచి షోరూముకు తెచ్చి, కడిగి, కాగితాలు సిద్ధం చేసి ఇవ్వడం డీలరు చేయవలసిన పనే. ఎక్స్-షోరూమ్ ధరలో అతని మార్జిన్ ఉన్నది అందుకే. ఈ వరుస కొట్టేయమని మొహమాటం లేకుండా, అయితే మర్యాదగా అడగాలి. ఎసెన్షియల్ కిట్ పేరుతో కలిపే మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, బాడీ కవరు వంటివి ఆటోనగర్‌లో విడిగా ధర కనుక్కుని వెళ్తే, "ఇరవై వేల యాక్సెసరీలు ఫ్రీ" అన్న మాట అసలు విలువ ఎంతో తెలుస్తుంది. నా సలహా ఏమిటంటే, ఫ్రీ సామాను బదులు ఆ మేరకు నగదు తగ్గింపు అడగాలి, ఇవ్వనంటే అప్పుడు కొసరుగా మ్యాట్లు, కవరు పుచ్చుకోవాలి. వైరు కోసి బిగించే లైట్లు, అలారాల వంటివి మాత్రం బయట పెట్టించకపోవడమే మంచిది, వారంటీ దగ్గర పేచీ వస్తుంది. సీట్లలో ఎయిర్ బ్యాగులున్న కార్లకు సీటు కవర్లు కూడా వాటికి అడ్డు రానివే వేయించాలి.

ఇక మన ప్రాంతంలో బేరాన్ని శాసించే అసలు శక్తి గురించి చెప్పాలి. అది ముహూర్తం. ఆషాఢంలో కొనరు, మహాలయ పక్షంలో కొనరు, పుష్యమాసం శూన్యమాసమని కొనరు, మిగిలిన నెలల్లో కూడా మంగళవారం, అమావాస్య పనికిరావు. అలా మిగిలిన శ్రావణ శుక్రవారాలు, దసరా, ఉగాది వంటి రోజుల్లో అందరూ ఒకేసారి షోరూము మీద పడతారు. కొనేవాళ్ళు వరసకట్టి నిలబడినప్పుడు ధర తగ్గించవలసిన అవసరం ఎవరికుంటుంది? డీలరు లెక్క మాత్రం తెలుగు మాసాల ప్రకారం నడవదు. అతని టార్గెట్లు ఇంగ్లిషు నెలాఖరుకు, మూడు నెలలకోసారి, మార్చి 31కి, డిసెంబరు 31కి ముగుస్తాయి. అమ్ముడుపోని బండి మీద అతను బ్యాంకుకు వడ్డీ కడుతూనే ఉండాలి. 2024 శరదృతువులో దేశవ్యాప్తంగా డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజుల అమ్మకాలకు సరిపడా కార్లు పేరుకుపోయాయని డీలర్ల సమాఖ్య ఫాడా స్వయంగా చెప్పుకుంది. ఆషాఢం మధ్యలో నెలాఖరు వస్తే మేనేజరు మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించుకోవచ్చు. బేరానికి అంతకన్నా మంచి ముహూర్తం లేదు.

ఈ బలమంతా ఒక్క మాటతో ఎలా పోతుందో ఒక షోరూములో కళ్ళారా చూశాను. బావగారు ఎంతో ఓపికగా, కారు ఎప్పటికి కావాలన్నది బయటపెట్టకుండా, హ్యాండ్లింగ్ ఛార్జీలు కొట్టేయించి ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చారు. ఎగ్జిక్యూటివ్ కుర్రవాడు కాలిక్యులేటర్ మా వైపు తిప్పి చూపిస్తూ, ప్రతి అయిదు వేలకూ "మేనేజరు గారిని అడిగి వస్తాను సార్" అని అద్దాల గదిలోకి వెళ్ళి వస్తున్నాడు. అతను ఒకసారి అలా వెళ్ళి వచ్చేసరికి, మజ్జిగ తాగుతూ కూర్చున్న మా అత్తయ్యగారు, అంటే బావగారి అమ్మగారు, అతన్ని ఆప్యాయంగా దగ్గరికి పిలిచి, "శ్రావణమాసం మొదటి శుక్రవారానికి బండి మా గుమ్మంలో ఉండాలి బాబూ, దుర్గమ్మ దగ్గరికి తీసుకెళ్ళి పూజ చేయించాలి" అన్నారు. "తప్పకుండా అమ్మగారూ" అని అతను ఆ తేదీని కొటేషన్ మూలన రాసుకుని, దాని చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశాడు. ఆ తరువాత ఒక్క రూపాయి కదలలేదు. "శ్రావణం డెలివరీలు ఇప్పటికే ఫుల్ సార్, ఈ రంగులో రెండే బళ్ళున్నాయి, ఈరోజు బుక్ చేస్తే ఆపగలను" అన్న మాట మొదలైంది. అతన్ని తప్పు పట్టలేను, అతని ఉద్యోగం అదే.

మేము లేచి వచ్చేశాం. బయటికి వచ్చాక బావగారు విషయమంతా వివరిస్తే అత్తయ్యగారే దారి చూపించారు. "డబ్బు కట్టడానికి ముహూర్తమెందుకురా? బండి గడప ముందుకొచ్చే రోజు మంచిదైతే చాలు" అన్నారామె. ఆ మాటతో పని తేలికైంది. ఆషాఢంలోనే పడిన ఆ నెలాఖరున మరో డీలరు దగ్గర బిల్లు చేయించి, శ్రావణం రాగానే డెలివరీ తీసుకునేలా రాయించుకున్నాం. బిల్లు అయితే డీలరుకు ఆ నెల లెక్కలో అమ్మకం పడుతుంది, మనకు ధర ఖాయమవుతుంది. ఇలా చేసేవారు బీమా ఏ తేదీ నుంచి మొదలవుతుందో, అప్పటిదాకా బండి ఎవరి బాధ్యతలో ఉంటుందో రాతపూర్వకంగా తీసుకోవాలి. డిసెంబరు చివరి వారం కూడా ఇలాంటిదే, పుష్యమాసం దగ్గరపడటం, సంవత్సరం మారడం రెండూ కలిసొస్తాయి. ఆ ఏడాది తయారైన బండి జనవరిలో పాతదైపోతుంది కనుక డిస్కౌంట్లు పెద్దవిగా ఉంటాయి. మూడు నాలుగేళ్ళలో అమ్మేసేవారు ఆ లాభాన్ని అమ్మకంలో పోగొట్టుకుంటారు, పదేళ్ళు ఉంచుకునేవారికి మాత్రం నష్టమేమీ లేదు.

విజయవాడ, గుంటూరు రెండూ దగ్గర్లో ఉండటం మనవాళ్ళకు ఒక వరం. ఒకే కంపెనీకి రెండు ఊళ్ళలోనూ వేర్వేరు యాజమాన్యాల డీలర్లుంటే, ఒకరి కొటేషన్ మరొకరికి చూపించవచ్చు. ఒకప్పుడు కృష్ణా జిల్లాకు ఏపీ 16, గుంటూరుకు ఏపీ 07 అని నంబరు పలకలే ఊరిని చెప్పేవి; 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఉమ్మడి సిరీస్ తెచ్చాక ఆ పట్టింపు కూడా పోయింది. సర్వీసింగ్ ఏ ఊళ్ళో అయినా చేయించుకోవచ్చు, వారంటీ కంపెనీది. అయితే నోటిమాటగా "అక్కడ ఇంతకిస్తామన్నారు" అంటే ఎవరూ నమ్మరు. వేరియంట్, రంగు, తేదీ, ప్రతి వరుస ఉన్న కాగితం చేతిలో ఉండాలి. వాట్సాప్‌లో పంపించమంటే పంపిస్తారు, కొందరు మాత్రం మొత్తం ఒక్క అంకెగా పంపి ఊరుకుంటారు. అలాంటి కొటేషన్ దేనికీ పనికిరాదు.

ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు, బ్యాంకు సిబ్బంది, వైద్యులు ఐడీ కార్డు చూపించి కార్పొరేట్ డిస్కౌంట్ ఉందేమో తప్పక అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, డీలరు అసలే పెట్టడు. ఎక్స్ఛేంజ్ బోనస్ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. పాత కారుకు పాతిక వేల బోనస్ అని చెప్పి, ఆ కారు విలువనే పాతిక వేలు తక్కువ కట్టడం మామూలే. ముందుగా పాత బళ్ళు కొనే ఒకరిద్దరి దగ్గర వెల కట్టించుకుని, కొత్త కారు ధర పూర్తిగా తేలాకే పాత కారు మాట ఎత్తాలి.

లోను దగ్గర ఈఎంఐ ఎంతన్నది వినగానే నిర్ణయం తీసుకోకూడదు. ఎనిమిది లక్షల అప్పును తొమ్మిది శాతం తగ్గే నిల్వ వడ్డీకి (తీర్చగా మిగిలిన అసలు మీదే వేసే వడ్డీకి) అయిదేళ్ళకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 16,607 రూపాయలు, మొత్తం వడ్డీ లక్షా తొంభై ఆరు వేల చిల్లర. అదే తొమ్మిది శాతాన్ని ఫ్లాట్ రేటుగా, అంటే చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదే వేస్తే ఈఎంఐ 19,333, వడ్డీ మూడు లక్షల అరవై వేలు. శాతం ఒక్కటే, తేడా లక్షా అరవై వేలకు పైన. ఈఎంఐ ఎక్కువగా ఉందంటే ఏడేళ్ళకు సాగదీసి 12,871 అని చూపిస్తారు, అప్పుడు మొదటి పద్ధతిలోనే వడ్డీ రెండు లక్షల ఎనభై ఒక్క వేలవుతుంది. షోరూములో కుదిర్చే లోను మీద డీలరుకు కమీషన్ ఉంటుంది కాబట్టి, మన జీతం ఖాతా ఉన్న బ్యాంకులో ముందే మంజూరు చేయించుకుని వెళ్ళి, అంతకన్నా తక్కువకు ఇప్పించగలరా అని అడగడమే సరైన పద్ధతి. లోను అక్కడ తీసుకుంటేనే డిస్కౌంట్ అంటే, ప్రాసెసింగ్ ఫీజుతో సహా రెండింటి మొత్తాలూ లెక్కగట్టి చూడాలి. ఒక్కోసారి షోరూము లోనే లాభం కావచ్చు, కాదనను.

బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో, డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని ఉంటుంది. కంపెనీలు తరచుగా జనవరిలో రేట్లు పెంచుతాయి కాబట్టి, డిసెంబరులో బుక్ చేసేవారు ఆ వాక్యాన్ని చదివి మాట్లాడుకోవాలి. అడ్వాన్సు ఎప్పుడూ డీలరు సంస్థ ఖాతాకే పంపాలి, ఎగ్జిక్యూటివ్ ఫోన్ నంబరుకు కాదు. 2017 ఏప్రిల్ నుంచి రెండు లక్షలు, ఆపైన మొత్తాన్ని నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, కాబట్టి "క్యాష్ అయితే ఇంకా తగ్గిస్తా" అన్న మాటకు అర్థం లేదు.

మిగతా సొమ్ము కట్టే ముందు, రిజిస్ట్రేషన్‌కు పంపక ముందే, మనకు కేటాయించిన బండిని యార్డులో పగటి వెలుగులో చూడాలి. ఛాసిస్ నంబరు రాసుకుని, తయారైన నెల, సంవత్సరం అడగాలి. సేల్ సర్టిఫికెట్ అయిన ఫారం 21లో అది ఎలాగూ రాయాలి. టైరు మీద చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి, స్టెప్నీతో సహా అయిదూ చూడాలి. మాకు మొదట చూపించిన బండి టైర్లు మిగతా బళ్ళ కన్నా చాలా నెలల ముందు తయారైనవి, బానెట్ అంచున పెయింటు తేడా కూడా కనిపించింది. అది వద్దని చెబితే మాట్లాడకుండా వేరేది చూపించారు. రిజిస్ట్రేషన్ అయిపోయాక అయితే అలా జరిగేది కాదు.

డెలివరీ రోజున పూలదండ, కొబ్బరికాయ, ఫొటోల హడావిడిలో ఫైలు చూసేవారుండరు, ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూడాలి. ఇన్వాయిస్‌లోని అంకెలు ఒప్పుకున్న కొటేషన్‌తో సరిపోవాలి, బీమా పాలసీలో ఐడీవీ, యాడ్-ఆన్‌లు, నో క్లెయిమ్ బోనస్ ఉండాలి, ఫాస్టాగ్‌కు కట్టించుకున్న డబ్బు అందులో కనిపించాలి, గుంటూరు వైపు వెళ్ళేవారికి కాజ టోల్‌గేటు దగ్గర అది వెంటనే తేలిపోతుంది. పది లక్షలు దాటిన కారైతే ఆ ఒక శాతం టీసీఎస్ ఖర్చు కాదు, రిటర్ను దాఖలు చేసేటప్పుడు కట్టవలసిన పన్నులో సర్దుబాటవుతుంది, లేదా వాపసు వస్తుంది. బండి ఎవరి పేరున కొంటే వారి పాన్ మీదే అది జమ అవుతుంది కాబట్టి, ఇంట్లో రిటర్ను వేసేవారెవరో చూసుకుని, డీలరు పాన్ నంబరు సరిగా ఎక్కించాడో లేదో ఇన్వాయిస్ మీదే సరిచూసుకోవాలి. కొన్ని నెలల తరువాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర మన పాన్ మీద జమైన పన్నుల పట్టికలో ఆ మొత్తం కనిపించకపోతే, దిద్దించుకోవడానికి మళ్ళీ అదే షోరూము అకౌంట్స్ విభాగం చుట్టూ తిరగాల్సి వస్తుంది.